ఒరెగాన్ బూజు రూలు: ఆరుబయట గంజాయి రైతుకు న్యాయమేనా?

మెడ్‌ఫర్డ్‌వాసి:
గంజాయి అమ్మకం చట్టబద్ధమైన అమెరికా రాష్ట్రం ఒరెగాన్‌లో 2023 మార్చి 1 నుంచి ఒక రూలు పెట్టారు. అమ్మకానికి వెళ్లే గంజాయిలో ఆస్పర్‌జిల్లస్ బూజు రకాలు నాలుగింటిలో (ఫ్లేవస్, ఫ్యుమిగేటస్, నైగర్, టెర్రియస్) ఏ ఒక్కటి దొరికినా బ్యాచ్ ఫెయిల్ అన్నారు. ఎంత ఉందన్నది అనవసరం, ఉందా లేదా అంతే. మట్టిలో, ఎండుటాకుల్లో, గాలిలో ఉండే బూజు అది! ఫిల్టర్లు బిగించిన గదిలో పెంచేవాడికీ, అక్టోబరు వానల్లో కోత కోసే దక్షిణ ఒరెగాన్ రైతుకీ ఒకే కొలబద్దా? పెంపకందార్లు కోర్టుకెక్కితే అదే ఏడాది ఆగస్టులో అప్పీల్స్ కోర్టు ఆ రూలు మీద స్టే ఇచ్చింది. మంచి పని చేసింది.

పెట్రీప్లేటు:
మెడ్‌ఫర్డ్ గారూ, గాలిలో ఉన్న నాలుగు బూజు బీజాలు వేరు, తడి ఆరని పువ్వులో పెరిగిన బూజు వేరు. మామూలు మనిషికి ఏమీ కాకపోవచ్చు. క్యాన్సర్‌కు కీమో నడుస్తున్నవాళ్లకూ, కిడ్నీ మార్పిడి అయినవాళ్లకూ ఊపిరితిత్తుల్లో ఆ బూజు పాతుకుంటే ప్రాణాల మీదకే వస్తుంది. వాంతులు తగ్గుతాయని గంజాయి వాడేవాళ్లలో కీమో రోగులూ ఉన్నారు మరి. కాలిఫోర్నియాలో ఇవే నాలుగు రకాలు గ్రాములో కనిపించకూడదన్న రూలు 2018 నుంచీ ఉంది. అక్కడ ఆరుబయట సాగు ఆగిందా?

మెడ్‌ఫర్డ్‌వాసి:
ఆగలేదు. ఫెయిలవుతుందన్న టెన్షన్‌తో బూజు చావాలని సరుకుకు రేడియేషనో ఓజోన్ వాయువో పట్టిస్తారు. ఆ ఖర్చు పెద్ద కంపెనీకి లెక్క కాదు, చిన్న రైతుకు లాభమంతా అందులోనే పోతుంది.

అనంత వేరుశనగ:
మా అనంతపురం వాళ్లకు ఈ ఫ్లేవస్ పాత శత్రువే. కాయ సరిగ్గా ఆరకపోతే పట్టేది అదే, అఫ్లాటాక్సిన్ అనే విషం వదిలేదీ అదే. వేరుశనగ ఎగుమతిలో మాత్రం బూజు ఉందా అని కాదు, విషం ఎన్ని పీపీబీ (వంద కోట్ల భాగాల్లో ఎన్ని భాగాలు) ఉందని చూస్తారు. రేడియేషన్ బూజును చంపుతుంది గానీ, అప్పటికే పుట్టిన విషాన్ని పోగొట్టదు. గంజాయిలోనూ విషాన్నే కొలవొచ్చు కదా?

పెట్రీప్లేటు:
విషాన్నీ కొలవాల్సిందే తమ్ముడూ. కానీ వేరుశనగను నమిలి మింగుతాం, గంజాయి పొగను పీలుస్తాం. బతికున్న బీజం ఊపిరితిత్తిలోకి వెళ్లడమే ఇక్కడ అసలు భయం.

మెడ్‌ఫర్డ్‌వాసి:
అయితే రోగుల సరుకుకు సున్నా పెట్టండి. మిగతావాటికి ఒక హద్దు పెట్టి, డబ్బా మీద హెచ్చరిక రాయండి.

పెట్రీప్లేటు:
ఒరెగాన్‌లో 21 దాటినవాళ్లు ఎవరైనా షాపుకెళ్లి కొనుక్కోవచ్చు. వాళ్లలో కీమో ఎవరికి నడుస్తోందో కౌంటర్లో కుర్రాడికి ఎలా తెలుస్తుంది?