విండోస్ 10లో డాట్‌నెట్ 3.5 ఎక్కడం లేదు, దయచేసి దారి చెప్పగలరు

నమస్కారం. మాది తిరుపతి. దామలచెరువు మార్కెట్‌కు తోతాపురి మామిడి తోలే మా నాన్నగారు, రైతుల బాకీలు, కూలీల చెల్లింపులు ఏళ్ల తరబడి ఒకే పాత లెక్కల ప్రోగ్రాంలో రాసుకుంటున్నారు. ఈమధ్య హార్డ్‌డిస్క్ మార్చి విండోస్ 10 హోమ్ కొత్తగా వేయించాక, ఆ ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేయబోతే డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 3.5 (ఇలాంటి పాత ప్రోగ్రాంలు నడవడానికి అవసరమయ్యే విండోస్ భాగం) కావాలంటోంది, విండోస్ ఫీచర్ల జాబితాలో దానికి టిక్ పెడితే, సోర్స్ ఫైళ్లు దొరకలేదని 0ఎక్స్800ఎఫ్081ఎఫ్ ఎర్రర్ వస్తోంది.

కంప్యూటర్‌లో 4.8 ఉంది గానీ, 3.5 కోసం రాసిన ప్రోగ్రాంలకు అది బదులుగా పనికిరాదని నాకు తెలుసు. అందుకే ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌లోని సోర్సెస్ ఫోల్డర్‌లో ఉండే ఎస్‌ఎక్స్‌ఎస్ అనే ఉపఫోల్డర్‌ను సోర్స్‌గా చూపిస్తూ, అడ్మినిస్ట్రేటర్ హక్కులతో తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో విండోస్ భాగాలను చేర్చే డిజమ్ (DISM) ఆదేశం నడిపాను. అయినా అదే ఎర్రర్. పెన్‌డ్రైవ్‌లోనిది 1909 వెర్షన్, కంప్యూటర్‌లోనిది 22హెచ్2. నా అనుమానమంతా ఈ తేడా మీదే ఉంది.

22హెచ్2 ఐఎస్ఓ (విండోస్ ఇన్‌స్టలేషన్ ఫైలు) దించుకుని అందులోని ఎస్‌ఎక్స్‌ఎస్‌ను చూపిస్తే సరిపోతుందా, లేక ముందుగా సిస్టమ్ ఫైళ్లను మరమ్మతు చేయాలా? విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది గనుక, లెక్కలు బయటికి తీయగానే ఈ కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచుతాము. పాత డేటా ఫైళ్ల నకలు భద్రంగానే ఉంది, కానీ వాటిని తెరిచేది ఆ ప్రోగ్రాం ఒక్కటే. ఊరూపేరూ లేని సైట్ల ఫైళ్లు కాకుండా, నమ్మదగిన పద్ధతి తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.