నాటు మార్పు చేపను కాపాడుకోవడానికి ఊళ్లో మద్దతు ఎలా కూడగట్టాలి?

దుగ్గిరాల రైతు:
మా డ్రెయిన్లలో, వరి మళ్లలో నాటు మార్పు చేప (మన దేశీ క్యాట్‌ఫిష్) కనిపించడం మానేసింది. గ్రామసభలో ఈ మాటెత్తితే "క్యాట్‌ఫిష్‌ని నిషేధించారుగా, మళ్లీ కాపాడేదేంటి?" అని నవ్వుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

బందరు కాలువ:
ఆ నవ్వు దగ్గరే మొదలుపెట్టాలండీ. 2000లో కేంద్రం నిషేధించింది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ని. దొంగచాటు చెరువుల్లో కోళ్ల వ్యర్థాలు వేసి పెంచేది దాన్నే. మన మార్పు (శాస్త్రీయ నామం క్లారియస్ మాగుర్) అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో అంతరించే ప్రమాదమున్న జాతి. రెండూ వేరని జనానికి కళ్లారా చూపించనంత కాలం ఎన్ని కరపత్రాలు పంచినా దండగే.

నాటుది అర కిలో దాటడం అరుదు. రెండు మూడు కిలోలు తూగిందంటే ఆఫ్రికన్‌దే. చిన్న సైజులో తల వెనక ఎముక అంచు చూడండి: నాటుదానికి ఒకే మొన, ఆఫ్రికన్‌దానికి ఇంగ్లీషు ఎం అక్షరంలా నొక్కులు. సంకరాలూ ఉంటాయి కాబట్టి అనుమానమొస్తే ఫొటో తీసి మత్స్యశాఖ వాళ్లకు చూపించండి, గట్టు మీద మీరే తేల్చెయ్యకండి.

గుంటూరు టీచరు:
బడిలో చూపించాలంటే వంద లీటర్ల టబ్బు, రెండు నాటు మార్పు చేపలు చాలు. సగమే నీళ్లు పోయండి. అది పైకొచ్చి గాలి గుటక వేస్తుంది, ఆ ఖాళీ లేకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. కుళాయి నీళ్లయితే ఒక రోజు తెరిచి ఉంచి పోయాలి. వల మూత గట్టిగా బిగించండి, లేదంటే తెల్లారేసరికి వరండాలో పాకుతూ ఉంటుంది. రెక్క దగ్గరి ముల్లు గుచ్చుకుంటే బాగా సలుపుతుంది కాబట్టి పిల్లల్ని చెయ్యి పెట్టనివ్వొద్దు. అయిపోయాక ఏ డ్రెయిను నుంచి తెచ్చారో అందులోనే వదలండి.

ఇంకో మాట. పుణ్యమని మార్కెట్లో చేపలు కొని కృష్ణలో వదిలేవాళ్లున్నారు. వాళ్ల సంచిలో ఉన్నది ఆఫ్రికన్‌దైతే మిగతా చేపల్ని మింగేదాన్ని ఏట్లోకి తోలినట్టే. ఘాట్ల దగ్గర పూజారులకు ముందుగా చెప్పండి, వాళ్ల మాట వింటారు.

దుగ్గిరాల రైతు:
చేపలు పట్టేవాళ్లు ఒప్పుకోవడం లేదండీ. పైగా హేచరీ పిల్లలు తెచ్చి వదలొచ్చు కదా అంటున్నారు.

బందరు కాలువ:
"పట్టొద్దు" అంటే ఎవరూ ఒప్పుకోరు, అది వాళ్ల కూడు. అడగాల్సింది ఒక్కటే: తొలకరి నుంచి ఆగస్టు దాకా, మడి నీళ్లు డ్రెయిన్లోకి దిగే తూముల దగ్గర మావులు (చేపలు పట్టే బుట్టలు) పెట్టొద్దని. గుడ్లు పెట్టడానికి చేప మళ్లలోకి ఎక్కే దారి అది. గుడ్లను మగది కాపలా కాస్తుంది, దాన్ని పట్టేస్తే గూడు మొత్తం పోయినట్టే. బొచ్చె, శీలావతిలా లక్షల్లో కాదు, ఇది పెట్టే గుడ్లు వేలల్లోనే. హేచరీలో మగదాన్ని పిండితే పాలు (వీర్యం) రావు, చంపి వృషణాలు తియ్యాలి. ఎక్కడో పుట్టిన పిల్లల్ని తెచ్చి వదలడం కంటే ఉన్నవాటిని గుడ్లు పెట్టనివ్వడం చవక.

నీళ్లలో విషపు మందు కలిపి చేపలు పట్టేవాళ్లతో బేరం వద్దు. 1897 మత్స్య చట్టం 5వ సెక్షన్ దానికే ఉంది. సోమవారం కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉందా అని కూడా అడగండి (2002 జీవవైవిధ్య చట్టం, 41వ సెక్షన్). కాగితం మీదే ఉందంటే సర్పంచి గారిని కదిలించి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో (ఊళ్లోని జీవజాతుల వివరాలు రాసే పుస్తకం) మార్పు చేప పేరు, దొరికే డ్రెయిన్లు, గుడ్లు పెట్టే నెలలు ఎక్కించండి. ముసలి జాలర్లను కూర్చోబెట్టి రాయిస్తే వాళ్లూ మీవైపు వచ్చేస్తారు.

దుగ్గిరాల రైతు:
ఫ్లెక్సీ మీద ఏం రాయమంటారు?

గుంటూరు టీచరు:
రెండు తలల ఫొటోలు పక్కపక్కన, కింద ఒక్క వాక్యం: "ఇది మన మార్పు, వానాకాలం వదిలేద్దాం." ఏ నాయకుడి బొమ్మా వెయ్యకండి, వేస్తే సగం ఊరు మీతో రాదు. కట్టేది సెంటర్లో కాదండీ, కొమ్మమూరు కాలువ గట్టున వల ఆరేసుకునే చోట.