సర్వీస్‌నౌ ప్రాక్టీస్‌కి సొంత ఇన్‌స్టెన్స్ ఫ్రీగా దొరుకుతుందా?

నెల్లూరు_కుర్రాడు:
బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ, కంపెనీల్లో ఐటీ కంప్లైంట్లు, రిక్వెస్టులు నడిపే సాఫ్ట్‌వేర్ సర్వీస్‌నౌ నేర్చుకుంటున్నాను. చేరిన ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఫీజు కాక, సర్వర్ యాక్సెస్ అని నెలకు 1,500 విడిగా తీసుకుంటున్నారు. అదైనా బ్యాచ్ మొత్తానికి ఒకటే లాగిన్. మొన్న రాత్రి రెండు గంటలు కూర్చుని ల్యాప్‌టాప్ రిక్వెస్ట్‌కి కేటలాగ్ ఐటమ్, అంటే ఉద్యోగులు నింపే ఆర్డర్ ఫారం చేశాను, పొద్దున లేచి చూస్తే ఎవరో అందులో వేరియబుల్స్, అంటే ఫారంలోని ప్రశ్నలు అన్నీ మార్చేసి ఉన్నారు, ఏడుపొచ్చినంత పనైంది. సొంత ఇన్‌స్టెన్స్, అంటే మనకొక్కరికే ఆ సాఫ్ట్‌వేర్ కాపీ, ఫ్రీగా తీసుకోవచ్చని రూమ్మేట్ అంటున్నాడు. నిజమేనా? కార్డ్ డీటెయిల్స్ అడుగుతారా? ఇంకోటి, ఎడమవైపు మెనూ తెరిస్తే ఎన్నెన్నో మాడ్యూళ్లు, ఏది ఎక్కడుందో వెతుక్కోవడంతోనే టైమ్ అయిపోతోంది. వచ్చే నెల ఇంటర్వ్యూలు, టెన్షన్‌గా ఉంది.

బెళ్లందూర్_అక్క:
తమ్ముడూ, ముందు ఆ 1,500 కట్టడం ఆపెయ్. సర్వీస్‌నౌ డెవలపర్ సైట్‌లో ఈమెయిల్‌తో అకౌంట్ తెరిచి, రిక్వెస్ట్ ఇన్‌స్టెన్స్ నొక్కితే చాలు, కార్డ్ అడగరు. దీన్నే అందరూ పీడీఐ అంటారు, అంటే పర్సనల్ డెవలపర్ ఇన్‌స్టెన్స్. ఏ రిలీజ్, అంటే ఏ వెర్షన్ కావాలో అడుగుతుంది, జ్యూరిక్ వరకు పేర్లన్నీ ఇంగ్లీషు అక్షర క్రమంలో ఊళ్ల పేర్లు, వాషింగ్టన్ డీసీ తర్వాత జనాడు, యోకోహామా, జ్యూరిక్ అలా. కొత్తది తీసుకో. అడ్మిన్ యూజర్, పాస్‌వర్డ్ ఇస్తారు, రాసి పెట్టుకో. మర్చిపోయినా డెవలపర్ సైట్‌లో నీ ప్రొఫైల్ దగ్గరే మార్చుకోవచ్చు.

మెనూ గురించి భయపడకు, మేమెవరమూ అందులో వెతకం. పైన ఫిల్టర్ పెట్టెలో టేబుల్ పేరు, చుక్క, లిస్ట్ అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కు. ఇన్సిడెంట్ డాట్ లిస్ట్ అంటే ఇన్సిడెంట్లన్నీ, అంటే యూజర్ల కంప్లైంట్లన్నీ వస్తాయి, లిస్ట్ బదులు డూ అని కొడితే ఖాళీ ఫారం వస్తుంది. నాలుగు రోజులు ఇలా తిరిగితే టేబుల్ పేర్లు నోటికొచ్చేస్తాయి. ఇంటర్వ్యూలో అడిగేవీ అవే.

మొదటి రోజు ఈ ఒక్క పని చెయ్యి. కొత్త ఇన్సిడెంట్ తెరువు. ప్రయారిటీ 5 అని ఉంటుంది, దాన్ని నువ్వు మార్చలేవు. ఇంపాక్ట్ 1, అర్జెన్సీ 1 పెట్టు, ప్రయారిటీ దానంతటదే 1 అవుతుంది. ఎవరు మార్చారు? ప్రయారిటీ డేటా లుకప్ అనే టేబుల్‌లో ఆ లెక్కంతా వరసలుగా రాసి ఉంటుంది, వెతికి పట్టుకో, ఒక వరస మార్చి మళ్లీ చూడు. తర్వాత ఇంపర్సనేట్ చేసి, అంటే వేరే యూజర్‌గా మారి, డెమో డేటాలో ఉన్న జో ఎంప్లాయీగా ఒకసారి, బెత్ ఆంగ్లిన్‌గా ఒకసారి చూడు. జోకి రోల్స్, అంటే ప్రత్యేక అనుమతులు లేవు, బెత్‌కి ఐటిల్ రోల్ (ఐటీ సపోర్ట్ వాళ్లకిచ్చేది) ఉంది. మెనూ ఎంత మారిపోతుందో నీ కళ్లతో చూస్తే రోల్స్ సంగతి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

పేట_అబ్బాయి:
అక్క చెప్పనిది ఒకటుంది, అది తెలియకే నేను నష్టపోయాను. కొన్ని గంటలు వాడకపోతే ఇన్‌స్టెన్స్ నిద్రలోకి వెళ్లిపోతుంది. కంగారు పడక్కర్లేదు, డెవలపర్ సైట్‌లో లాగిన్ అయితే కాసేపట్లో లేస్తుంది. 10 రోజులు అసలు ముట్టుకోకపోతే మాత్రం వెనక్కి తీసేసుకుంటారు, అందులో చేసిన పనంతా పోతుంది. ఆ రూల్ ముందే రాసి ఉంటుంది, నేనే చదవలేదు. చెల్లి పెళ్లికని నరసరావుపేట వెళ్లి రెండు వారాలు ఉండిపోయాను, తిరిగొచ్చేసరికి మూడు నెలలుగా కట్టుకున్న అప్లికేషన్ లేదు. అందుకే చెప్తున్నా, పని మొదలుపెట్టే ముందే కొత్త అప్‌డేట్ సెట్, అంటే నువ్వు చేసిన మార్పులన్నీ పోగయ్యే మూట, తెరిచి దాన్ని కరెంట్ చేసుకో. ముందే ఉండే డిఫాల్ట్ సెట్‌లో పని చేస్తే తర్వాత ఏది ఏదో విడదీయలేక చచ్చిపోతాం. పని అయ్యాక స్టేటస్ కంప్లీట్ పెట్టి, ఎక్స్‌ఎమ్‌ఎల్‌కి ఎక్స్‌పోర్ట్ చేసి, ఫైల్‌ని డ్రైవ్‌లో పెట్టుకో. ఇన్‌స్టెన్స్ పోయినా, కొత్తదాంట్లో రిట్రీవ్డ్ అప్‌డేట్ సెట్స్‌లోకి వెళ్లి ఇంపోర్ట్, ప్రివ్యూ, కమిట్. నేను ఇప్పుడు ప్రతి ఆదివారం రాత్రి తప్పకుండా చేస్తాను.

బెళ్లందూర్_అక్క:
పేట_అబ్బాయి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కాకపోతే అప్‌డేట్ సెట్‌లోకి నువ్వు చేసిన కాన్ఫిగరేషన్ మాత్రమే వెళ్తుంది, ఇన్సిడెంట్లు, యూజర్లు లాంటి రికార్డులు వెళ్లవు. అవి కావాలంటే లిస్ట్‌లో కాలమ్ హెడర్ మీద రైట్ క్లిక్ చేసి విడిగా ఎక్స్‌ఎమ్‌ఎల్ తీసుకోవాలి. రేపు ఉద్యోగం వచ్చాక కూడా ఒకటి గుర్తుంచుకో తమ్ముడూ, క్లయింట్ డేటా ఒక్క వరస కూడా నీ సొంత పీడీఐలో పెట్టకు, టెస్టింగ్ కోసమైనా సరే. ఉద్యోగాలు పోయేది ఇలాంటి వాటికే.

నెల్లూరు_కుర్రాడు:
అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. నిన్న రాత్రే తీసుకున్నాను, ఇంపాక్ట్ 1 పెట్టగానే ప్రయారిటీ మారడం చూసి రూమ్మేట్‌ని లేపి మరీ చూపించాను. అప్‌డేట్ సెట్ కూడా పెట్టుకున్నా. ఒక్క డౌట్, ఎవరు ఏది చూడొచ్చో, మార్చొచ్చో చెప్పే రూల్స్ ఉండే యాక్సెస్ కంట్రోల్ లిస్ట్ తెరిస్తే న్యూ బటనే కనపడటం లేదు. అడ్మిన్‌నే కదా?

పేట_అబ్బాయి:
అడ్మిన్ అయితే చాలదు తమ్ముడూ, ప్రొఫైల్ బొమ్మ నొక్కి ఎలివేట్ రోల్‌లో సెక్యూరిటీ అడ్మిన్ టిక్ పెట్టు, వచ్చేస్తుంది. లాగౌట్ అయితే పోతుంది, మళ్లీ పెట్టుకోవాలి.