ఓడని బాక్సరు అజేయుడా, అపరాజితుడా?

మొన్న అమెరికా హెవీవెయిట్ బాక్సరు రాకీ మార్సియానో గురించి మాటా మాటా పెరిగి, ఒక మిత్రుడు ఒక్క ముక్కలో వాదం ముగించేశాడు: ‘49 పోరాటాలు, 49 విజయాలు, అజేయుడు. అతడిని మించిన బాక్సరు ఇంకెవరు?’ లెక్కతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ ‘అజేయుడు’తోనే.

తాగదగినది పేయం, తెలుసుకోదగినది జ్ఞేయం. అలాగే జయించదగినది జేయం. అజేయుడంటే ఎవరికీ జయించ శక్యం కానివాడు. ఇంతవరకు ఓడనివాడి కోసం అజితుడు, అపరాజితుడు అనే మాటలు ఉండనే ఉన్నాయి. అపరాజితుడన్నది జరిగినదాని లెక్క, అజేయుడన్నది తీర్పు. మా మిత్రుడు లెక్క చూపించి తీర్పు రాయించుకుంటున్నాడు.

1952 సెప్టెంబరులో, ఫిలడెల్ఫియాలో మార్సియానో ఛాంపియన్ అయిన రాత్రినే తీసుకోండి. అప్పటి ఛాంపియన్ జెర్సీ జో వాల్కాట్ ఎడమచేతి దెబ్బకు మొదటి రౌండులోనే మార్సియానో కిందపడ్డాడు. 12 రౌండ్లు ముగిసేసరికి నిర్ణేతలందరి లెక్కల్లోనూ వాల్కాటే ముందున్నాడు. 13వ రౌండులో తాళ్ల దగ్గర అతనికి మార్సియానో కుడిచేతి గుద్దు ఒక్కటి తగిలింది. వాల్కాట్ మోకాళ్ల మీదికి జారిపోయాడు, ఒక చెయ్యి మాత్రం తాడుకు వేలాడుతూ ఉండిపోయింది. ఆ గుద్దు గురి తప్పి ఉంటే మనకు ఈ చర్చే లేదు. పైగా వాల్కాట్ వయసు అప్పటికి 38. అంతకు ముందు ఏడాది మార్సియానో చేతిలో ఓడిన మాజీ ఛాంపియన్ జో లూయిస్ వయసు 37. గిట్టనివాళ్లను అడిగితే మార్సియానోను అజాతశత్రువు అంటారేమో, శత్రువు పుట్టకముందే రింగు దిగిపోయాడని!

‘అజేయుల’ వరుస ఒకటి చెబుతాను. లారీ హోమ్స్ 48 గెలిచి, మార్సియానో అంకెకు ఒక్క మెట్టు దూరంలో, 1985 సెప్టెంబరులో మైకేల్ స్పింక్స్ చేతిలో ఓడాడు. ఓటమి ఎరగని ఆ స్పింక్స్‌ను 1988లో మైక్ టైసన్ 91 సెకన్లలో పడగొట్టాడు. 37 గెలిచి ఒక్కటీ ఓడని ఆ టైసన్‌ను 1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్ పదో రౌండులో నాకౌట్ చేశాడు. ముగ్గురికీ ముందురోజు వరకు ‘అజేయుడు’ అనే రాయగలం. మర్నాడు ఏమని రాయాలి?

ఇదంతా మా చర్చావేదికలో పెడితే సభ్యుల నుంచి జవాబులు వచ్చాయి.

మొదటి జవాబు: మీ వ్యుత్పత్తి బాగుంది కాని, వాడుక సంగతేమిటి? క్రికెట్లో నాటౌట్‌గా మిగిలిన వంద పరుగులను ‘అజేయ శతకం’ అనే రాస్తున్నారు కదా. ఆ బ్యాటరును ఔట్ చేయడం అసాధ్యమని ఎవరూ అనుకోరు. పాఠకుడికి అర్థమయ్యాక మాట నిలిచినట్లే.

నా సమాధానం: ఒప్పుకుంటాను. కాని అజేయ శతకం ఆ ఇన్నింగ్సుతో సరి. దాన్ని చూపి అతడే అందరిలో మేటి అని ఎవరూ వాదించరు. ఇక్కడ వాదమంతా ఆ మాట మీదే నిలబడింది.

రెండో జవాబు: మీరు కూడా సగమే చదివారు. ‘క్షయ్యజయ్యౌ శక్యార్థే’ అని పాణిని సూత్రం. జయించ శక్యమైనవాడు జయ్యుడు, జయించదగినవాడు జేయుడు. కాబట్టి మీరు చెప్పే అర్థానికి సరైన మాట అజయ్యుడు.

నా సమాధానం: సూత్రం ముందు తల వంచాను. అయితే తెలుగులో ‘జయింపరాని’ అనే అర్థం అజేయకు ఎప్పుడో స్థిరపడింది. అజయ్యుడని రాస్తే అచ్చుతప్పనుకుని దిద్దేస్తారు.

మూడో జవాబు: మరి మహమ్మద్ అలీ మాటేమిటి? 56 గెలుపులు, 5 ఓటములు. మీ రెండు మాటల్లో ఏదీ అతనికి తగదు. అయినా నా లెక్కలో అతడే మేటి. ‘మేటి ముష్టియోధుడు’ అనవచ్చా?

నా సమాధానం: అనవచ్చు, కాని ‘యోధుడు’ను వదలకండి. ఉత్త ముష్టి మిగిలితే మన చెవికి భిక్షాపాత్ర వినిపిస్తుంది. నేనైతే జగజ్జెట్టి అంటాను. జెట్టి కుస్తీ పట్టేవాడి పేరే అయినా ఆ మాట ఓటములు లెక్కపెట్టదు. 1971 మార్చిలో న్యూయార్క్‌లో అలీ, జో ఫ్రేజియర్ ఇద్దరూ అపరాజితులుగానే రింగులోకి దిగారు. 15వ రౌండులో ఫ్రేజియర్ ఎడమచేతి దెబ్బకు అలీ వెల్లకిలా పడ్డాడు, బూట్లకున్న ఎర్ర కుచ్చులు గాలిలోకి లేచాయి. వెంటనే లేచి నిలబడ్డాడు, పోరాటం మాత్రం ఓడాడు. ఆ తరువాత ఫ్రేజియర్‌ను రెండుసార్లు ఓడించాడు. అలీని ఓడించినవాళ్లు ఐదుగురైతే ఫ్రేజియర్, కెన్ నార్టన్, లియాన్ స్పింక్స్, ఈ ముగ్గురి మీదా మళ్లీ గెలిచాడు. మధ్యలో అతన్ని రింగుకు దూరం చేసిన మూడున్నరేళ్ల నిషేధం సరేసరి. నాకు అతని గొప్పతనం ఆ తిరిగి గెలవడంలోనే కనిపిస్తుంది. ఎన్నడూ ఓడనివాడికి ఆ పరీక్షే రాలేదు.

మొదటి జవాబిచ్చిన సభ్యుడే మళ్లీ: అయితే 50కి 50 గెలిచిన బాక్సరు ఫ్లాయిడ్ మేవెదర్ సంగతేమిటి?

నా సమాధానం: అపరాజితుడే, సందేహం లేదు. ఆ 50వ పోరాటం 2017లో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ యోధుడు కానర్ మెక్‌గ్రెగర్‌తో జరిగింది. ప్రత్యర్థికి ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో అదే మొదటిది. అపరాజితుడంటే ఆ గెలుపు కూడా లెక్కలోకి వస్తుంది. అజేయుడని రాయాలంటే నా చెయ్యి ఆగుతుంది.