పేరు ఆమెది, పెత్తనం ఆయనది: దాన్ని మహిళా వ్యాపారం అనొచ్చా?

కొల్లేటి గట్టు
మా ఊరి పక్కన పారిశ్రామికవాడలో కొన్ని యూనిట్ల బోర్డుల మీద ప్రొప్రైటర్లుగా ఆడవాళ్ళ పేర్లున్నాయి. కింద రాసిన ఫోన్ నంబర్లకు చేస్తే మాత్రం ఎత్తేది మొగుళ్ళే. "మేడంగారితో మాట్లాడాలి" అంటే "నాతో చెప్పండి, ఫర్వాలేదు" అంటారు.

ఆడవాళ్ళ పేరుంటే వచ్చే లాభాలు తక్కువేం కాదు. 2016లో మొదలైన స్టాండప్ ఇండియా పథకం కింద కొత్త యూనిట్‌కి 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు పెట్టారు. కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఏటా కొనేదాంట్లో 3 శాతం మహిళల చిన్న పరిశ్రమల నుంచి కొనాలని 2018లో రూలు తెచ్చారు. రాష్ట్రాల సబ్సిడీలు వేరే. వీటికి కావాల్సిందల్లా సొంత సంస్థయితే ఆమె పేరు, కంపెనీ అయితే 51 శాతం వాటా. ఆ 51 శాతం కాగితం మీద రాయించడానికి ఆడిటర్‌కి ఒక పూట చాలు.

నా మటుకు నాకు ఇది బినామీయే. పట్టుకుని సబ్సిడీ కక్కించాలి. నిజంగా కష్టపడే ఆడవాళ్ళ వాటాని వీళ్ళు తింటున్నారు. కాదనేవాళ్ళుంటే చెప్పండి.

లెడ్జరు బాబాయి
బ్యాంకులో లోన్ల సీట్లో చాలా ఏళ్ళు కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా. మీరు చెప్పిన సీను మాకు రోజూ ఉండేదే. ఇంటర్వ్యూకి ఇద్దరూ వస్తారు. "ముడిసరుకు ఎక్కడ కొంటారమ్మా?" అని ఆమెని అడిగితే ఆయన జవాబు చెబుతాడు. ఆమె బీరువా తాళం పట్టుకున్నట్టు హ్యాండ్‌బ్యాగు పట్టుకుని కూర్చుంటుంది.

అయినా పేరు వద్దనను. మాకు తెలిసిన రెండు ఇటుక బట్టీలు పక్కపక్కనే ఉండేవి. ఒకటి భార్య పేరున, ఒకటి భర్త పేరున. పోయింది ఇద్దరు మగవాళ్ళూను, కొద్ది తేడాలో. మొదటి ఇంట్లో కరెంటు మీటరు, జీఎస్టీ, కరెంట్ అకౌంటు అన్నీ ఆమెవే. పదిహేనో రోజుకల్లా బట్టీ రాజేసింది. అప్పటిదాకా ఒక్క బిల్లు రాసి ఎరుగదు. రెండో ఇంట్లో ప్రొప్రైటర్ పోగానే సంస్థే పోయినట్టు లెక్క. అకౌంటు ఆగింది, వారసత్వ సర్టిఫికెట్ కోసం తిరగడంలో సీజన్ దాటింది, కూలీలు వేరే బట్టీకి పోయారు. పేరు ఉత్తదే అని కొట్టిపారేయకండి. అవసరం వచ్చిన రోజున అదే ఆస్తి.

గుంటూరు లాయరమ్మ
బాబాయిగారూ, మీరు ఆయన పోయినప్పటి సంగతి చెప్పారు. ఆయన బతికుండి వ్యాపారం పోయినప్పుడు ఏమవుతుందో నేను చెబుతాను. నా దగ్గరికొచ్చేది ఆ కేసులే.

చెక్కు బౌన్సయితే దాని మీద ఎవరి సంతకం ఉంటే వాళ్ళే ముద్దాయి. 138 సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు, లేదంటే చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. "సంతకం పెట్టమంటే పెట్టానండీ, దేనికో నాకు తెలీదు" అంటే కోర్టు ఒప్పుకోదు. ఒక క్లయింటు సంగతి: ఎరువుల దుకాణం ఆవిడ పేరున ఉంది. ఆయన పొద్దున బయటికెళ్ళేముందు పూజగది గూట్లోంచి చెక్కుబుక్కు తీసి, టిఫిను తింటూ ఐదారు ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టించుకునేవాడు. ఆవిడ ఒక చేత్తో పిల్లకి జడ వేస్తూ పెట్టేది. ఇప్పుడు మూడు కోర్టుల్లో వాయిదాలు. షాపులో గల్లాపెట్టె ఎన్నడూ తెరవని మనిషి బోనెక్కి నిలబడుతోంది. ఆయన సాక్షి కూడా కాదు.

లాభం ఇంటిది, అప్పు ఆమెది. కొల్లేటి గట్టుగారు సబ్సిడీ డబ్బు గురించి బాధపడుతున్నారు. నాకు బాధ అది కాదు.

నెల్లూరు పొదుపు
లాయరమ్మ చెప్పింది మా డ్వాక్రాలో పెద్దెత్తున చూశాం. 2010లో మైక్రోఫైనాన్స్ గొడవ గుర్తుందా? వారం వారం కిస్తీ, ఒక్కో ఇంటికి మూడు నాలుగు కంపెనీల అప్పు. డబ్బు వాడింది బోరుకీ, పెళ్ళికీ, ఆయన పాత బాకీకీ. ఇంటి ముందు కూర్చుని పరువు తీసింది మాత్రం ఆడవాళ్ళది. ఆత్మహత్యల దాకా పోయాక ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది.

కానీ అదే పేరు ఇంకో పని కూడా చేసింది. 1992లో దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచింది, దాన్ని నడిపిన రోశమ్మని అందరూ ఎరుగుదురు. ఆ ఊపులోనే మా జిల్లాలో రోజుకో రూపాయి పొదుపు మొదలైంది. అప్పటిదాకా బ్యాంకు మెట్టెక్కని ఆడవాళ్ళు పాసుబుక్కు పట్టుకుని లైన్లో నిలబడ్డారు. ఇవాళ సంఘానికి 20 లక్షల దాకా తనఖా లేకుండా ఇస్తున్నారు, 2021లో రిజర్వు బ్యాంకు పెంచింది.

చిక్కెక్కడంటే, ఆ 20 లక్షలూ సమానంగా పంచేసుకుంటారు. పదిమందికి తలా రెండు. దాంతో గేదె వస్తుంది, కుట్టుమిషను వస్తుంది, ఆయనకి ఆటో వస్తుంది. పచ్చళ్ళ యూనిట్ పెట్టి పదిమందికి పని ఇద్దామనుకున్న ఒక్క మనిషికి కావాల్సింది 15 లక్షలనుకోండి, సంఘంలో అది దొరకదు, బ్యాంకులో తనఖా అడుగుతారు. మేము ఆగిపోయేది అక్కడ.

లెడ్జరు బాబాయి
పొదుపుగారి మాట నిజం. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా రుణాల ఖాతాల్లో మూడింట రెండొంతులు ఆడవాళ్ళవేనని గొప్పగా చెప్పుకుంటాం. వాటిలో ఎక్కువ భాగం 50 వేల లోపు శిశు రుణాలు. మొత్తాలు పెద్దవయ్యేకొద్దీ ఆడవాళ్ళ పేర్లు పల్చబడతాయి.

కూకట్‌పల్లి కుర్రాడు
ఇంత గొడవెందుకు సార్? అసలు ఆడా మగా అని చూడకుండా ప్రాజెక్టు చూసి అప్పివ్వండి. రాయితీ ఉంటేనే కదా దొంగ పేర్లు వచ్చేది. రాయితీ తీసేస్తే మిగిలేవాళ్ళు నిఖార్సైన వ్యాపారస్తులు.

గుంటూరు లాయరమ్మ
తమ్ముడూ, ప్రాజెక్టుతో పాటు తనఖా కూడా చూస్తారు. ఆ స్థలం ఎవరి పేరున ఉంటుంది? ఎన్టీఆర్ తెచ్చిన చట్టంతో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 నుంచే ఉంది. దేశమంతటికీ వచ్చింది 2005లో. ఇరవై ఏళ్ళ ముందే హక్కొచ్చిన చోట మేము రాసే పత్రాలు ఏవనుకున్నావు? హక్కు విడుదల దస్తావేజులు. "కట్నం ఇచ్చాం కదా, అన్నయ్యకి సంతకం పెట్టెయ్యి." పెట్టకపోతే పుట్టింటి గడప తొక్కనివ్వరు. ఆ సంతకంతో పాటే బ్యాంకులో చూపించాల్సిన తనఖా కూడా పోతుంది. రాయితీ అంటున్నది ఈ లోటుకి వేసే చిన్న అతుకు. అతుకు తీసేస్తే చొక్కా కొత్తదవుతుందా?

ఆత్రేయపురం ఆడపడుచు
అందరూ ఒకవైపు నుంచే చూస్తున్నారు. పేరు ఆమెది, పని ఆయనది అయితే బినామీ అన్నారు. మరి పని ఆమెది, పేరు ఆయనదైతే ఏమంటారు?

మా ఊరు రండి, పూతరేకులు తీయడం చూద్దురు. బోర్లించిన కుండ, లోపల ఎండు కొబ్బరాకుల మంట. పలచటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద ఇటు నుంచి అటు ఒక్క లాగు. జావ మరీ చిక్కనైతే రేకు అట్టవుతుంది, మంట ఎక్కువైతే చేతిలోకి రాకముందే పొడవుతుంది. వేళ్ళకి కాలిన మచ్చలు లేని ఆడమనిషి మా వీధిలో తక్కువ. 2023లో మా పూతరేకులకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అనే ముద్ర, కూడా వచ్చింది. రోడ్డు మీది షాపుల బోర్డులు చదవండి. ఫలానావారి స్వీట్స్, ఫలానా బ్రదర్స్. బ్రదర్స్‌లో ఒక్కరికీ రేకు తీయడం రాదు!

నరసాపురం లేసు చూడండి. మిషనరీల కాలం నుంచీ అల్లేది ఆడవాళ్ళే. దారం ఏజెంటు ఇస్తాడు, పీసుకింతని కూలి కడతాడు, సరుకు విదేశాలకు పోతుంది. ఎగుమతిదారు అనే మాట ఎక్కువగా మగవాళ్ళకే. దాన్నెవరూ బినామీ అనరు. "ఖాళీ టైములో ఏదో అల్లుకుంటుంది" అంటారు.

కాబట్టి కొల్లేటి గట్టుగారూ, తనిఖీ పెడితే రెండు వైపులా పెట్టండి.

కొల్లేటి గట్టు
ఆడపడుచుగారూ, మీరు చెప్పింది అన్యాయమే, కాదనను. కానీ అక్కడ ప్రభుత్వం డబ్బు లేదు. నేను అడుగుతున్నది ప్రజల పన్ను సంగతి. సబ్సిడీ తీసుకున్న చోటైనా లెక్క ఉండాలి కదా. నా ప్రతిపాదన: ఇంటర్వ్యూకి ఆమెని ఒంటరిగా పిలవాలి, ఏడాదికోసారి ఆఫీసరు యూనిట్‌కొచ్చి ఆమె అక్కడుందో లేదో చూడాలి.

లెడ్జరు బాబాయి
ఆఫీసరు వస్తాడు, ఆ రోజు ఆమె పట్టుచీర కట్టుకుని కుర్చీలో కూర్చుంటుంది. పోయేటప్పుడు ఆయన చేతిలో కవరు పెడతారు. బిడ్డకి జ్వరమొచ్చి ఇంట్లో ఉన్న నిఖార్సైన మనిషికేమో "యజమాని లేరు" అని రిపోర్టు పడుతుంది. తనిఖీ అంటే ఏమిటో నాకు తెలుసు, నన్ను నమ్మండి.

టిఫిన్ సెంటర్ అక్క
చదువుతున్నాను, రాద్దామా వద్దా అని ఆలోచించి రాస్తున్నా. మీరంతా లైసెన్సు, సబ్సిడీ అంటున్నారు. మాది చిన్న టిఫిన్ సెంటరు, మునిసిపాలిటీ లైసెన్సు నా పేరునే ఉంది. మూడున్నరకి లేచి పిండి చూసుకునేదీ, పెనం దగ్గర నిలబడేదీ నేనే. గోడకంటించిన క్యూఆర్ కోడ్ మాత్రం మా ఆయన అకౌంటుది. "ఇరవై రూపాయలు అందాయి" అని బాక్సు నా పక్కన అరుస్తుంది, డబ్బు ఆయన ఫోన్లో పడుతుంది. ముందు నాకూ ఏమీ అనిపించలేదు, ఇల్లంటే ఒక్కటే కదా అనుకున్నా. పప్పుల కొట్టతనికి కట్టడానికి రోజూ ఆయన్ని అడగాల్సి వచ్చినప్పుడు తెలిసింది.

కొత్త అకౌంటు తెరిచి కోడ్ మార్పించాను. ఇంట్లో నాలుగు రోజులు మాటల్లేవు. తర్వాత సర్దుకుంది. తనిఖీ చేసేవాళ్ళు యూనిట్‌కి రానక్కర్లేదు. ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుందో చూడండి చాలు.

ఇంకో బాధ కూడా చెప్పాలి, దీనికి ఏ స్కీమూ లేదు. టోకు కొట్లో మా ఆయనకి వారం అరువిస్తారు. నేను వెళితే "అన్నయ్యని పంపించమ్మా" అంటారు. ఎన్నడూ బాకీ ఎగ్గొట్టలేదు. అదే బస్తా మినప్పప్పుకి నాకు రొక్కం, ఆయనకి అరువు. పెట్టుబడి ఎక్కడ తరుగుతుందో లెక్క వేసుకోండి.

నెల్లూరు పొదుపు
ఆ అరువు సంగతి నూటికి నూరు నిజం అక్కా. మేము నలుగురం కలిసి ఒకే టోకు కొట్టుకి కట్టుబడి సరుకెత్తడం మొదలెట్టాక గానీ ఆ షావుకారు ఖాతా తెరవలేదు.

కూకట్‌పల్లి కుర్రాడు
ఓటీపీ ఐడియా బాగుంది గానీ, ఫోనే ఆయన జేబులో ఉంటే?

టిఫిన్ సెంటర్ అక్క
ఉంటుంది తమ్ముడూ. చాలా ఇళ్ళలో అంతే. అందుకే ముందు ఫోను, ఆ తర్వాత లోను అంటాను.

కొల్లేటి గట్టు
సరే, ఓటీపీ సంగతి ఒప్పుకుంటాను, నేను చెప్పిన తనిఖీ కంటే అది చవక. కానీ ఆ బోర్డుల యూనిట్లకి సబ్సిడీ ఆపాలన్న మాట మీద మాత్రం నేనున్నాను. బాబాయిగారి ఇటుక బట్టీ ఆవిడ లాంటి వాళ్ళుంటారని వందమందికి పంచలేం.

లెడ్జరు బాబాయి
ఆపితే ఆ వందమందీ రేపు మొగుళ్ళ పేరుకి మార్చుకుంటారు. ఆ రోజు మీ లెక్క సరిపోతుంది, ఆడవాళ్ళ చేతిలో ఉన్న ఆ కాస్త కాగితం కూడా పోతుంది. ఇక్కడ మనకి రాజీ కుదరదు లెండి.

కొత్త సభ్యురాలు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. లాయరమ్మగారూ, మా అక్క పేరున హార్డ్‌వేర్ షాపుంది. బావగారి దగ్గర అక్క సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు ఉన్నాయి, ఎన్నో తెలీదు. వాటికి డబ్బివ్వొద్దని బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెట్టిస్తే సరిపోతుందా?

గుంటూరు లాయరమ్మ
ఒక్క స్టాప్ పేమెంట్‌తో సరిపోదమ్మా. నిజంగా బాకీ ఉన్న చెక్కయితే స్టాప్ పెట్టినా 138 కేసు నడుస్తుంది. ముందు చెక్కుబుక్కు తెప్పించి వాడినవాటి నంబర్లు, మిగిలినవాటి నంబర్లు రాసిపెట్టుకోమనండి. స్టేట్‌మెంటుతో పోల్చితే ఏవి బయట తిరుగుతున్నాయో తెలుస్తుంది. ఎవరికి ఇచ్చారో బావగారిని కాగితం మీద రాయించండి, గొడవ పడకుండా, "ఆడిటర్ అడుగుతున్నాడు" అని చెప్పి. వాడనివి వెనక్కి తీసుకుని రద్దు చేయమని బ్యాంకుకి ఉత్తరం ఇవ్వాలి, దాని నకలు మీద ముద్ర వేయించుకోవాలి. ఏదైనా నోటీసు వస్తే మాత్రం కవరు తీసుకోకుండా తిప్పి పంపొద్దు. అందిన రోజు నుంచి 15 రోజుల్లో డబ్బు కడితే కేసు దాకా పోదు. ఇప్పటికే ఏమైనా వచ్చిందా?

కొత్త సభ్యురాలు
ఒక రిజిస్టర్డ్ పోస్టు వచ్చిందట. బావగారు సంతకం పెట్టి తీసుకున్నారు, అక్కకి చూపించలేదు.

గుంటూరు లాయరమ్మ
ఏ తారీఖున వచ్చిందో పోస్టాఫీసులో ఈరోజే కనుక్కోండి. మిగతావన్నీ తర్వాత.