పిల్లికి ప్యాకెట్ రా ఫుడ్: ఏం చూసి కొనాలి?

చిన్ని_ఇల్లు:
మా చిన్నికి రెండేళ్లు. ఈమధ్య డ్రై ఫుడ్ పెడితే వాసన చూసి వెళ్లిపోతోంది. రా ఫుడ్‌కి, అంటే పచ్చి మాంసానికి మారుద్దామని రెండు కంపెనీలవి చూశాను. ఒకటి ఫ్రోజెన్, దాని మీద ‘మనుషులు తినే నాణ్యత గల మాంసం’ అని ఉంది. రెండోది ఫ్రీజ్ డ్రైడ్. ఏది సేఫ్? మా చెల్లి ఐదో నెల కడుపుతో మా ఇంట్లోనే ఉంటోంది, అందుకే టెన్షన్.

గోధుమరంగు_తోక:
ఫ్రీజ్ డ్రైడ్ తీసుకోండి. నీళ్లన్నీ తీసేస్తారు కాబట్టి క్రిములు బతకవు.

మీసాల_రాణి:
అది నిజం కాదండి, ఆ ధైర్యంతో కొనొద్దు. గడ్డకట్టించినా ఆరబెట్టినా సాల్మొనెల్లా, లిస్టీరియా అనే బ్యాక్టీరియా పూర్తిగా చావవు. 2018లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో 35 ఫ్రోజెన్ రా ఫుడ్‌లను పరీక్షిస్తే 19 వాటిలో లిస్టీరియా మోనోసైటోజెనిస్, 7 వాటిలో సాల్మొనెల్లా దొరికాయి.

నాకు బర్డ్ ఫ్లూ ఇంకా పెద్ద భయం. 2024 డిసెంబర్‌లో అమెరికాలోని ఒరెగాన్‌లో, గడప దాటని పెంపుడు పిల్లి హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్‌తో చనిపోయింది. అది తిన్న ఫ్రోజెన్ టర్కీ ఫుడ్‌లోనూ, దాని ఒంట్లోనూ ఉన్నది ఒకే వైరస్ అని పరీక్షల్లో తేలింది. కోడి, బాతు, టర్కీ మాంసం పచ్చిది పెట్టమని నేనెవరికీ చెప్పను.

‘మనుషులు తినే మాంసం’ అన్న మాట చూసి మోసపోకండి. మనం దాన్ని ఉడికించి తింటాం కదా! క్రిముల్ని చంపడానికి మీరేం చేస్తున్నారు అని కంపెనీని అడగండి. కొందరు హెచ్‌పీపీ (హై ప్రెషర్ ప్రాసెసింగ్) వాడతారు. ప్యాక్ చేసిన మాంసాన్ని నీళ్లలో ఉంచి సుమారు 600 మెగాపాస్కల్ ఒత్తిడి పెడతారు. బ్యాక్టీరియా బాగా తగ్గుతుంది, కానీ అంతా పోయిందని కాదు. అందుకే ప్రతి బ్యాచ్‌నీ పరీక్షిస్తారా, రిజల్ట్ వచ్చేదాకా సరుకు ఆపుతారా అని కూడా అడగండి. సూటిగా చెప్పకపోతే ఆ కంపెనీని వదిలేయండి.

లేబుల్ మీద పిల్లి వయసుకి తగ్గట్టు ‘కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్’ అని ఉండాలి. ‘సప్లిమెంటల్’ అని ఉంటే రోజూ అదొక్కటే పెట్టకూడదు. టారిన్ అనే పోషకం తక్కువైతే పిల్లి గుండె కండరం దెబ్బతింటుందని 1987లోనే తేలింది.

అసలు మీ ఇంట్లో ఇప్పుడు పచ్చి మాంసమే వద్దు. లిస్టీరియా సోకితే కడుపులో బిడ్డ ప్రాణానికే ముప్పు. పైకి ఆరోగ్యంగా కనిపించే పిల్లి కూడా మలంలో సాల్మొనెల్లా వదలగలదు. గిన్నె, మూతి, పాదాలు, వాటి నుంచి మీ చేతులు. పచ్చి మాంసంతో పిల్లికి టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకినా గర్భిణికి ప్రమాదమే. ఉడికించిన వెట్ ఫుడ్ పెట్టండి. ఇంతకీ చిన్ని డ్రై ఫుడ్ ఎందుకు మానేసింది? ముందు నోరు డాక్టరుకి చూపించండి.

కిటికీ_దగ్గర:
మా ఇంట్లో అందరం పెద్దవాళ్లమే, హెచ్‌పీపీ చేసిన కుందేలు మాంసం పెడుతున్నాం. ఫ్రిజ్‌లోనే కరిగిస్తాను, బయట పెట్టను. తినగా మిగిలింది వెంటనే పారేసి, గిన్నె వేడినీళ్లు, సబ్బుతో కడుగుతాను. రీకాల్ వస్తే, అంటే కంపెనీ సరుకు వెనక్కి తీసుకుంటే, చూసుకోవడానికి బ్యాచ్ నంబరు ఫొటో తీసి ఉంచుతాను.

చిన్ని_ఇల్లు:
ఆ రెండు కంపెనీలకీ రాశాను. ఒకరు ‘అత్యుత్తమ మాంసం’ అని మళ్లీ అదే మాట పంపారు. రెండోవాళ్లు హెచ్‌పీపీ చేస్తామన్నారు గానీ రిజల్ట్ రాకముందే సరుకు పంపేస్తారట. రెండూ వద్దనుకున్నాం. డాక్టరు చూస్తే చిన్నికి వెనక పళ్ల దగ్గర చిగుళ్లు వాచి ఉన్నాయి, పాపం నమలలేకపోయింది. మందు మొదలుపెట్టాం. వెట్ ఫుడ్ తింటోంది, కానీ ఫ్రిజ్‌లోంచి తీసింది పెడితే ముట్టదు. వేడి చేయొచ్చా?

మీసాల_రాణి:
హమ్మయ్య, మంచి పని చేశారు! వేడి చేయొచ్చు, గోరువెచ్చగా ఉంటే వాసన బాగా తెలిసి తింటుంది. మైక్రోవేవ్‌లో పెడితే అక్కడక్కడ కాలిపోయేంత వేడి ఉంటుంది, బాగా కలిపి వేలితో చూశాకే పెట్టండి. రోజంతా ఏమీ తినకపోతే మాత్రం ఆగకుండా డాక్టరుకి ఫోన్ చేయండి. పస్తుంటే పిల్లులకి లివర్ త్వరగా పాడవుతుంది.