అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా పరిశోధకులకు రెండు రోజుల సాఫ్ట్‌వేర్ వర్క్‌షాప్: ఏం నేర్పాలి, ఏ వరసలో?

వలయం_24

రెండు రోజుల హ్యాండ్స్-ఆన్ వర్క్‌షాప్‌కి ప్రణాళిక వేస్తున్నాను. 24 మంది, రోజుకు ఆరు గంటలు, ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లదే. అందరికీ గ్రూపులు, రింగులు, ఐడియల్స్ గట్టిగానే వచ్చు. ప్రోగ్రామింగ్‌లో మాత్రం సగం మంది లూప్ రాయడం దగ్గరే ఆగిపోతారు.

ఇప్పటికి అనుకున్నది ఇదీ: మొదటి రోజు గ్యాప్, సేజ్‌మ్యాథ్. రెండో రోజు సింగ్యులర్, మెకాలీ2, ఆస్కార్. ఐదూ ఆల్జీబ్రా లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్లే. ఒక్కోదానికి గంట లెక్చర్, తర్వాత ప్రాక్టీస్.

ఐదూ పెట్టడం ఎక్కువవుతుందా? ఎలాంటి లెక్కలిస్తే ఇది తమ పరిశోధనకి పనికొస్తుందని వాళ్లకి తెలుస్తుంది? ఎక్కడెక్కడ ఇరుక్కుంటారో ముందే తెలిస్తే ఆ మేరకు సిద్ధమవుతాను.

కోసెట్_టేబుల్

ఐదు చాలా ఎక్కువండి. గ్రూపులకి గ్యాప్, ఐడియల్స్‌కి సింగ్యులర్ చాలు. సేజ్ లోపల ఈ రెండూ ఉన్నాయి, జూలియా మీద నడిచే ఆస్కార్ లోపలా ఉన్నాయి. కాబట్టి వాటిని చివరి గంటలో చూపిస్తే సరిపోతుంది. రెండు రోజుల్లో ఐదు సింటాక్సులు చూసినవాళ్లకి మూడో రోజుకి ఒక్కటీ గుర్తుండదు.

లెక్చర్లు తగ్గించి మొదటి రోజంతా ఒకే ప్రశ్న చుట్టూ నడపండి: డిరైవ్డ్ సబ్‌గ్రూపులో ప్రతి మూలకమూ ఒక కమ్యుటేటరేనా? (ఎ, బి అనే రెండు మూలకాల కమ్యుటేటర్ అంటే ఎ విలోమం, బి విలోమం, ఎ, బి ల లబ్ధం; అలాంటివన్నీ కలిసి పుట్టించేది డిరైవ్డ్ సబ్‌గ్రూపు.) కాదని అందరూ చదివే ఉంటారు, కానీ చేతిలో ఉదాహరణ ఉండేది తక్కువ మందికి. అతి చిన్న ఉదాహరణ ఆర్డర్ (గ్రూపులోని మూలకాల సంఖ్య) 96లో ఉంది. ఆర్డర్ 1 నుంచి 96 దాకా ఉన్న గ్రూపులు మొత్తం సుమారు వెయ్యే, కాబట్టి ల్యాప్‌టాప్ మీద ఈ వెతుకులాట హాయిగా పూర్తవుతుంది.

నడక ఇలా ఉంటే బాగుంటుంది. ముందు స్మాల్‌గ్రూప్(8, 3) (గ్యాప్ జాబితాలో ఆర్డర్ 8లో 3వది) లాంటి ఒక్క గ్రూపు తీసుకుని కేంద్రం (అన్నిటితోనూ వరస మార్చుకోగల మూలకాలు), కాంజుగసీ క్లాసులు (మూలకాన్ని ఒకవైపు మరో మూలకంతో, రెండోవైపు దాని విలోమంతో గుణిస్తే వచ్చే కాంజుగేట్ల గుంపులు), డిరైవ్డ్ సబ్‌గ్రూపు అడగాలి. తర్వాత ఒక ఫంక్షన్ రాయాలి: గ్రూపులోని అన్ని జతలకీ కమ్యుటేటర్ తీసి, సెట్‌గా మార్చి, దాని పరిమాణాన్ని డిరైవ్డ్ సబ్‌గ్రూపు ఆర్డర్‌తో పోల్చడం. ఆ తర్వాతే లూప్. ఆర్డర్ 96లో 231 గ్రూపులుంటే, తేడా వచ్చేవి రెండే: 3వది, 203వది. రెండింటిలోనూ డిరైవ్డ్ సబ్‌గ్రూపు ఆర్డర్ 32, అందులో కమ్యుటేటర్లు 29.

అక్కడ ఆపకండి. మిగిలిన ఆ మూడు మూలకాలు ఏవో బయటికి తీయమనండి. మూడూ డిరైవ్డ్ సబ్‌గ్రూపు కేంద్రంలోనే ఉంటాయి, మూడూ కలిసి ఒకే కాంజుగసీ క్లాసు. ఎందుకలా అని కాగితం మీద పట్టుకోవడానికి అరగంట ఇవ్వండి. యంత్రం చూపించిన చోట మనిషి రుజువు మొదలుపెట్టాలి. నా దృష్టిలో వర్క్‌షాప్ మొత్తానికీ విలువైన అరగంట అదే.

ఇక వేగం. అన్ని జతలూ తిరగక్కర్లేదు. మొదటి మూలకాన్ని ప్రతి కాంజుగసీ క్లాసు నుంచి ఒక్కటి తీసుకుంటే చాలు. కాకపోతే వచ్చిన ఫలితాలకి వాటి కాంజుగేట్లన్నీ కలపాలి. ఈ రెండో మెట్టు మర్చిపోతే లేని ప్రతిఉదాహరణలు పుట్టుకొస్తాయి. అందుకే నెమ్మది కోడ్‌నీ వేగం కోడ్‌నీ ఆర్డర్ 48 దాకా పక్కపక్కన నడిపి, జవాబులు కలిశాకే ముందుకెళ్లాలి. పూర్తిగా వేరే దారి కూడా ఒకటుంది, ఫ్రొబేనియస్‌ది: ప్రతి ఇర్రెడ్యూసిబుల్ క్యారెక్టర్‌కీ (గ్రూపుని ఇంకా విడగొట్టలేని మాత్రికలుగా రాసినప్పుడు వాటి ట్రేస్) మూలకం దగ్గరి విలువని డిగ్రీతో భాగించి అన్నీ కూడితే, మొత్తం సున్నా కానప్పుడే అది కమ్యుటేటర్. క్యారెక్టర్ టేబుల్‌తో ఇదీ చేయించండి.

ఒక జాగ్రత్త: ఆల్‌స్మాల్‌గ్రూప్స్‌తో మొత్తం జాబితాని మెమరీలోకి తెచ్చుకోవద్దని మొదటే చెప్పండి. 96కి ఏమీ కాదు. ఉత్సాహంలో ఎవరో 512 కొడతారు, అక్కడున్నవి 1,04,94,213 గ్రూపులు. సంఖ్య అడిగి, సూచికతో ఒక్కొక్కటే తెచ్చుకుని, పని కాగానే వదిలేసే అలవాటు మొదటి లూప్ నుంచే పడాలి.

తప్పుదారి పట్టించేవాటిలో నేను అన్నిటికంటే ముందు చెప్పేది స్ట్రక్చర్‌డిస్క్రిప్షన్ గురించి. అది గ్రూపు పేరు కాదు, వర్ణన మాత్రమే. ఆర్డర్ 20లో 1వ గ్రూపుకీ 3వ గ్రూపుకీ ఒకే వర్ణన వస్తుంది: సి5 : సి4. ఒకదాని కేంద్రం ఆర్డర్ 2, రెండోదానికి కేంద్రమే లేదు. వర్ణన చూసి ఐసోమార్ఫిక్ (నిర్మాణం ఒకటే) అని రాసేస్తే పేపర్ తప్పవుతుంది. జాబితాలో గ్రూపు సూచికనిచ్చే ఐడీగ్రూప్ వాడాలి, అది దొరకని ఆర్డర్లలో (512, 1536 వంటివి) ఐసోమార్ఫిజం పరీక్షే నేరుగా చేయాలి.

రెండోది గుణకారం దిశ. గ్యాప్‌లో ప్రస్తారాలు ఎడమ నుంచి కుడికి పనిచేస్తాయి. (1,2)ని (2,3)తో గుణిస్తే (1,3,2) వస్తుంది. ఫంక్షన్ల పద్ధతిలో కుడి నుంచి ఎడమకి చదివే పుస్తకంలో అదే (1,2,3). మాత్రికలు కూడా అడ్డువరుస సదిశల మీద కుడివైపు నుంచే పనిచేస్తాయి. పుస్తకంలోని జనకాలని (జనరేటర్లని) అలాగే దించితే కొన్నిసార్లు జవాబు మారదు, కొన్నిసార్లు మారుతుంది. అందుకే దొరకడం కష్టం.

మూడోది చిన్నదే గానీ గదిలో సగం మందిని ఆపుతుంది. విలువ ఇవ్వడానికి కోలన్-ఈక్వల్స్, పోల్చడానికి ఒంటి ఈక్వల్స్. ఇక నడుస్తున్న లెక్కలో ఎర్రర్ వస్తే ప్రాంప్ట్ బ్రేక్ లూప్‌లోకి (ఎర్రర్ దగ్గరే ఆగి ఎదురుచూసే స్థితికి) మారుతుంది. అది గమనించక అక్కడే టైప్ చేస్తూ పోతే లూప్‌లో లూప్ పేరుకుంటుంది. క్విట్ కొట్టి బయటికి రావడం మొదటి పది నిమిషాల్లోనే నేర్పండి, కావాలనే తప్పు చేయించి మరీ.

ఐడియల్32003

రెండో రోజు గురించి. సింగ్యులర్‌కి సైక్లిక్ ఐడియల్స్ (చరరాశులు చక్రంలా తిరిగే ప్రామాణిక బహుపది వ్యవస్థలు) కంటే మంచి సామగ్రి నాకు కనిపించలేదు. పాలీలిబ్ లైబ్రరీలో రెడీగా ఉంటాయి, టైపింగ్ తప్పులుండవు. సైక్లిక్-5కి 70 సాధనలు, సైక్లిక్-6కి 156, సైక్లిక్-7కి 924. జవాబు ముందే తెలుసు కాబట్టి ఎవరి సెటప్ తప్పో వెంటనే బయటపడుతుంది.

మొదట రింగ్ ప్రకటించాలి: క్యారెక్టరిస్టిక్ 32003 (లెక్కలన్నీ 32003 మాడ్యులోలో), ఐదు చరరాశులు, ఆర్డరింగ్ డీపీ (పదాలని ముందు మొత్తం ఘాతాన్ని బట్టి వరస పెట్టేది). ఐడియల్‌కి ఎస్‌టీడీ (స్టాండర్డ్ బేసిస్) తీసి వీడిమ్ (ఇక్కడ సాధనల సంఖ్య) అడిగితే 70 రావాలి. ఎస్‌టీడీ తీయకుండా అసలు ఐడియల్ మీదే వీడిమ్ అడిగేవాళ్లు తప్పక ఉంటారు. ఇది స్టాండర్డ్ బేసిస్ కాదని ఒక హెచ్చరిక గీత వస్తుంది, దాని కింద ఏదో సంఖ్య కూడా వస్తుంది. సంఖ్య చూసి హెచ్చరిక వదిలేస్తారు. అందరి స్క్రీన్ మీదా ఈ తప్పు ఒకసారి జరగనివ్వండి.

తర్వాత డీపీ బదులు డీఎస్ పెట్టించండి. ఒక్క అక్షరం తేడా, కానీ గణితమే మారిపోతుంది. డీఎస్ లోకల్ ఆర్డరింగ్, మూలబిందువు చుట్టుపక్కలే చూస్తుంది. సైక్లిక్ ఐడియల్‌లో చివరి బహుపది 'చరరాశుల లబ్ధం మైనస్ 1'. లోకల్ రింగ్‌లో అది యూనిట్ (విలోమం ఉన్నది), కాబట్టి ఐడియల్ మొత్తం 1 అయిపోతుంది. లోకలైజేషన్ అంటే ఏమిటో బోర్డు మీద గంట చెప్పిన దానికంటే ఈ ఒక్క ప్రయోగం గట్టిగా నాటుకుంటుంది.

ఇక లెక్స్ ఆర్డర్ (నిఘంటువు వరస), అంటే ఎల్పీ. చరరాశులని తొలగించాలంటే అది కావాలి, నేరుగా అడిగితే మాత్రం నెమ్మది. అకరణీయ సంఖ్యల మీద నడిపితే మధ్యలో గుణకాల అంకెలు పెరిగిపోయి మెమరీ తినేస్తాయి. దారి: డీపీలో బేసిస్ కట్టి, ఎఫ్‌జీఎల్‌ఎమ్ అనే కమాండ్‌తో ఎల్పీకి మార్చుకోవడం. ఇది సాధనలు పరిమితంగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. ఎందుకో తెలియడానికి సైక్లిక్-4 ఇవ్వండి: దాని డైమెన్షన్ 1, వీడిమ్ మైనస్ 1 చూపిస్తుంది, ఎఫ్‌జీఎల్‌ఎమ్ నడవదు.

ప్రైమ్ 32003 మీద వచ్చినది అకరణీయ సంఖ్యల మీద రుజువు కాదు, సూచన మాత్రమే. ఇంకో రెండు పెద్ద ప్రైమ్‌ల మీద కూడా నడిపి చూడమనండి, ఆపైన అవసరమైతే క్యారెక్టరిస్టిక్ 0లో.

మెకాలీ2 అవసరమయ్యేది ఫ్రీ రిజల్యూషన్లు (సంబంధాల మధ్య సంబంధాలని మెట్లుమెట్లుగా రాసేవి), వాటి పరిమాణాలు చూపే బెట్టీ టేబుళ్ల మీద పనిచేసేవాళ్లకి. వాళ్లు నలుగురైదుగురుంటే విడిగా ఒక బల్ల వేయండి.

టెర్మినల్_మూల

లెక్కల సంగతి పైవాళ్లు చెప్పారు. ఇలాంటివి చెడిపోయేది ఎక్కువగా ఇన్‌స్టలేషన్ దగ్గర.

రెండు వారాల ముందే ఒక పరీక్ష ఫైలు పంపండి. అందులో రెండే ప్రశ్నలు: ఆర్డర్ 96లో ఎన్ని గ్రూపులు (231 రావాలి), సైక్లిక్-5 వీడిమ్ ఎంత (70 రావాలి). రెండు సంఖ్యలూ తిరిగి పంపినవాళ్లకే సీటు ఖాయం. గ్యాప్ తెరుచుకుంది కదా అని ఊరుకుంటే చాలదు. స్మాల్ గ్రూప్స్ లైబ్రరీ వేరే ప్యాకేజీ, లినక్స్‌లో కోర్ మాత్రమే వేసుకున్నవాళ్లకి అది ఉండదు.

విండోస్ వాడేవాళ్లకి గ్యాప్ ఇన్‌స్టాలర్ ఉంది. సేజ్‌కి మాత్రం డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపల నడిచే లినక్స్) వేసి, దాని లోపల కోండా అనే ప్యాకేజీ మేనేజర్‌తో పెట్టుకోవడం తేలిక. సోర్స్ నుంచి కంపైల్ చేయమని ఎవరికీ చెప్పకండి, గంటలు పడుతుంది. ల్యాప్‌టాప్ మొరాయించినవాళ్ల కోసం సేజ్‌సెల్ బ్రౌజర్‌లో తెరిచి ఉంచండి, అందులో గ్యాప్ భాషా సింగ్యులర్ భాషా రెండూ నడుస్తాయి. పెద్ద లెక్కలకి పనికిరాదు, ఆ రోజు పాఠానికి సరిపోతుంది. ఇద్దరికి ఒక యంత్రమని కూర్చోబెట్టినా నష్టం లేదు. ఒకరు టైప్ చేస్తుంటే రెండోవాళ్లు తప్పు పట్టుకుంటారు.

సేజ్ గంటలో రెండు విషయాలు తప్పక చెప్పండి. డైహెడ్రల్‌గ్రూప్(8) అంటే గ్యాప్‌లో ఆర్డర్ 8, సేజ్‌లో ఆర్డర్ 16. ఇంకొకటి, సేజ్ ప్రాంప్ట్ దగ్గర టోపీ గుర్తు (^) ఘాతం. అదే కోడ్‌ని మామూలు పైథాన్ ఫైల్లో పెడితే ఆ గుర్తు ఎక్సార్ (బిట్లని పోల్చే క్రియ) అవుతుంది, 2 టోపీ 3 అంటే 8 రావాల్సిన చోట 1 వస్తుంది, ఎర్రర్ మాత్రం రాదు. ఒకటి బై రెండు కూడా అంతే: సేజ్‌లో అకరణీయ సంఖ్య, పైథాన్ ఫైల్లో దశాంశం. ప్రాంప్ట్ దగ్గర సరిగ్గా నడిచిన పరిశోధన కోడ్ ఫైల్లోకి వెళ్లాక తప్పడానికి ఎక్కువగా ఇదే కారణం.

ఆస్కార్ చూపిస్తే మొదటిసారి నడిపిన సమయాన్ని లెక్కపెట్టకండి. జూలియా అప్పుడే కంపైల్ చేస్తుంటుంది. రెండోసారి నడిపి అప్పుడు పోల్చాలి.

వలయం_24

చాలా ఉపయోగం, ముగ్గురికీ ధన్యవాదాలు. ఐదింటిలో గ్యాప్, సింగ్యులర్ మాత్రమే ప్రధానంగా ఉంచుతున్నాను. ఒక్క సందేహం మిగిలింది. పాల్గొనేవాళ్లలో కొందరు జనకాలు, సంబంధాలతో ఇచ్చిన గ్రూపుల మీద పనిచేస్తారు. అలాంటి గ్రూపుకి సైజ్ అడిగితే గ్యాప్ ఎంతసేపటికీ తిరిగి రావడం లేదంటున్నారు. అక్కడ ఏం చెప్పాలి?

కోసెట్_టేబుల్

సైజ్ అడగడం చివరి పని అని చెప్పండి. ముందు అబీలియన్‌ఇన్వేరియంట్స్ (గ్రూపుని అబీలియన్‌గా మార్చితే వచ్చే చక్రీయ భాగాల పరిమాణాలు, అనంతమైన భాగానికి సున్నా) అడగాలి. జాబితాలో సున్నా కనిపిస్తే గ్రూపు అనంతం, అక్కడితో ఆ ప్రశ్న ముగిసింది. 'ఎ వర్గం ఈక్వల్స్ బి ఘనం' అన్న ఒక్క సంబంధమే ఉన్న గ్రూపుకి వచ్చేది ఒంటి సున్నా. దాని సైజ్ కోసం కూర్చోవడం దండగ.

సున్నా లేకపోతే చిన్న ఇండెక్స్ (కోసెట్ల సంఖ్య, అంటే సబ్‌గ్రూపు అసలు గ్రూపుని విడగొట్టే సమాన ముక్కల సంఖ్య) ఉన్న సబ్‌గ్రూపులు వెతకండి, 6 లేదా 8 దాకా. ఒక్కోదాని అబీలియన్‌ఇన్వేరియంట్స్ చూడండి. వాటిలో ఎక్కడ సున్నా తగిలినా అసలు గ్రూపు అనంతమే.

అప్పటికీ తేలకపోతే టాడ్-కాక్సెటర్ పద్ధతిలో కోసెట్‌లని టేబుల్‌గా లెక్కపెట్టడం. గ్యాప్ 40,96,000 కోసెట్ల దగ్గర ఆగి కొనసాగించాలా అని అడుగుతుంది. ఆగిందంటే గ్రూపు అనంతమని అర్థం కాదు. జవాబు చిన్నదైనా మధ్యలో టేబుల్ ఉబ్బుతుంది. హిగ్మన్ తరహా చక్రపు సంబంధాలు చూడండి: మూడు జనకాలు, ఒక్కోటి పక్కదాన్ని కాంజుగేట్ చేసి వర్గంగా మారుస్తుంది. ఆ గ్రూపు ట్రివియల్ (ఒక్క మూలకమే ఉన్నది), అయినా ఒక్క కోసెట్‌కి కుదించుకునేలోపు టేబుల్ చాలా పెరుగుతుంది. నాలుగు జనకాలతో అదే పద్ధతిలో రాస్తే గ్రూపు అనంతం, పైగా ట్రివియల్ గ్రూపు తప్ప వేరే ఫైనైట్ కోషెంట్ లేదు. అక్కడ పైన చెప్పిన మెట్లేవీ సాయపడవు. రెండూ పక్కపక్కన ఇవ్వండి.

రెండు పదాలు సమానమా అని అడగడం కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. అది వర్డ్ ప్రాబ్లమ్, సాధారణంగా అల్గోరిథమే లేదని 1950ల్లో నోవికోవ్, బూన్ రుజువు చేశారు. ఫైనైట్ అని తేలిన మరుక్షణం ప్రస్తారాల గ్రూపుకి ఐసోమార్ఫిజం తీసుకుని మిగతా పనంతా అక్కడే చేయమనండి. ఎక్కువ జాప్యాలు దాంతోనే పోతాయి.

ఇంకొకటి, రెండో రోజు చివర పది నిమిషాలు ఉంచండి. ప్రతి ఒక్కరూ లాగ్‌టూతో తమ సెషన్ ఫైలుగా దాచుకోవాలి, పైన వెర్షన్ సంఖ్య రాయాలి, వాడిన ప్యాకేజీల పేర్లు రాయాలి. గ్యాప్‌లోని సైట్ (Cite) కమాండ్ ఎలా ఉదహరించాలో చూపిస్తుంది. డేటాబేస్‌లలోనూ దిద్దుబాట్లు జరుగుతాయి: ఆర్డర్ 1024 గ్రూపుల సంఖ్య చాలాకాలం 49,48,73,65,422 అని చెలామణి అయి, తర్వాత 49,48,73,67,289గా సరిదిద్దబడింది. తేడా 1,867. ఏ వెర్షన్‌తో ఏం లెక్కించారో రాసి ఉంటేనే అలాంటి దిద్దుబాటు వచ్చినప్పుడు ఏ ఫలితాన్ని మళ్లీ చూసుకోవాలో తెలుస్తుంది.